బిడ్డ పోయినా బిడ్డ పనులు మిగిలే ఉంటాయి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. మీ టీమ్‌లో పనిచేసే నల్లజాతి ఆవిడ కొడుకుని, 19 ఏళ్ళ కుర్రాడిని, ఎవరో కాల్చి చంపేశారు, ఆవిడ రెండు వారాలకే ఆఫీసుకి వచ్చేసింది, డెస్క్ మీద వాడి గ్రాడ్యుయేషన్ ఫోటో పెట్టుకుంది, మీరు అటు చూడలేక తల తిప్పుకుని వెళ్ళిపోతున్నారు. "వీళ్ళకి ఇంత ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది, నేనేం మాట్లాడాలి" అని అడిగారు. నేను చికాగోలో ఒక హాస్పిటల్‌లో 16 ఏళ్ళుగా సోషల్ వర్కర్‌ని, అందులో ఎక్కువ భాగం ట్రామా వార్డే, అంటే తుపాకీ గుండు తగిలినవాళ్ళని తీసుకొచ్చే చోటు. డాక్టర్ వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాక ఆ చిన్న గదిలో తల్లి పక్కన కూర్చునేది నేనే. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర, కాబట్టి మనవాళ్ళకి ఇది ఎలా కనపడుతుందో కూడా నాకు తెలుసు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ధైర్యం అనే మాట. ఆవిడ రెండు వారాలకే వచ్చింది అంటే అద్దె కట్టాలి కాబట్టి వచ్చి ఉండొచ్చు. ఈ దేశంలో ఇంట్లో మనిషి పోతే ప్రైవేటు కంపెనీలు ఇన్ని రోజులు సెలవివ్వాలి అని ఫెడరల్ చట్టం ఏదీ లేదు, చాలా చోట్ల మూడు రోజులో ఐదు రోజులో ఇచ్చి ఊరుకుంటారు. మీరు నేపర్‌విల్ అన్నారు కాబట్టి చెప్తున్నా, మన ఇలినాయ్‌లో 2024 జనవరి 1 నుంచి ఒక చట్టం వచ్చింది, బిడ్డ హత్యకి గురైనా ఆత్మహత్య చేసుకున్నా, 250 మందీ ఆ పైన ఉన్న కంపెనీ అయితే ఆ తల్లికో తండ్రికో 12 వారాలు సెలవివ్వాలి, 50 నుంచి 249 మంది ఉంటే 6 వారాలు. జీతం మాత్రం ఇవ్వక్కర్లేదు, అదే బాధ. కానీ ఒకేసారి కాకుండా విడివిడిగా వాడుకోవచ్చు, కోర్టు రోజులకీ పుట్టినరోజుకీ పనికొస్తుంది. హెచ్‌ఆర్ వాళ్ళలోనే చాలామందికి ఇది గుర్తుండదు, మీరు నెమ్మదిగా కనుక్కుని ఆవిడకి తెలిసేలా చేస్తే అదే పెద్ద సాయం. ఇంకోటి, ఇక్కడ నల్లజాతి ఆడవాళ్ళని చిన్నప్పటినుంచీ "స్ట్రాంగ్, స్ట్రాంగ్" అంటూనే పెంచుతారు, ఏడవడానికి కూడా చోటు లేకుండా. ఒకావిడ నాతో అంది, నన్ను స్ట్రాంగ్ అన్నవాళ్ళందరూ ఆ మాట అనేసి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోయారు అని. కాబట్టి ఆ మాట మాత్రం ఆవిడ దగ్గర అనకండి.

ఇప్పుడు అసలు విషయం, వాళ్ళు ఎలా తట్టుకుంటారు అన్నది. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. బిడ్డ పోయాడు, కానీ బిడ్డకి చేయాల్సిన పనులు ఆగవు, ఆ తల్లి ఆ పనులు చేస్తూనే ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్ళకి అది ధైర్యంలా కనపడుతుంది, లేదా ఉద్యమంలా కనపడుతుంది, లేదా పిచ్చిలా కనపడుతుంది. దగ్గరనుంచి చూస్తే అది అమ్మ పని, అంతే.

ఒక్కటి చెప్తాను, ఏ సంవత్సరమో ఎవరో చెప్పను. 17 ఏళ్ళ అబ్బాయి, రాత్రి పదకొండున్నరకి తెచ్చారు, పన్నెండున్నరకి పోయాడు. హత్య కేసు కాబట్టి ఆ శరీరం ఇక సాక్ష్యం కింద లెక్క, తల్లి కూడా ముట్టుకోకూడదు, రెండు చేతులకీ గోధుమరంగు కాగితం సంచులు కట్టేస్తారు, గోళ్ళ కింద ఏమైనా ఉంటే పోకుండా. మెడ దాకా దుప్పటి కప్పి, గుమ్మం దగ్గర పోలీసు ఆఫీసర్ నిలబడి ఉన్నాడు. ఆ తల్లి లోపలికొచ్చింది, చెవి దగ్గర ఎండిన రక్తం చూసి పర్సులోంచి టిష్యూ తీసింది, ఆఫీసర్ వద్దన్నాడు, ఆవిడ అరవలేదు, టిష్యూ మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకుని మంచం చివరికి వెళ్ళింది. దుప్పటి మీదనుంచే వాడి పాదాలు రెండూ పట్టుకుని, "వీడికి ఎప్పుడూ కాళ్ళు చల్లగానే ఉంటాయి, సాక్సులు ఉన్నాయా మీ దగ్గర" అని నన్నడిగింది. సాక్సులు తొడగడానికి వీల్లేదు. నేను వార్మర్‌లోంచి ఒక వెచ్చటి దుప్పటి తెచ్చి ఇచ్చాను, ఆఫీసర్ ఒక క్షణం నా వైపు చూసి మొహం అటు తిప్పుకున్నాడు, ఆవిడ దాన్ని పాదాల మీద కప్పి చుట్టూ నొక్కింది, పసిపిల్లలకి దోమతెర అంచులు పరుపు కిందకి నొక్కుతాం చూడండి, అలా. ఆ రాత్రి కొడుక్కి ఆవిడ చేయగలిగిన పని అదొక్కటే. మన భాషలో కడుపుకోత అంటాం కదా, నాకు ఇంగ్లీషులో దానికి సరిపోయే మాట ఇంతవరకు దొరకలేదు.

ఇది ఈ ఊళ్ళో కొత్త కాదండి. 1955లో మామీ టిల్ అనే చికాగో తల్లి తన ఒక్కగానొక్క కొడుకు ఎమ్మెట్‌ని, 14 ఏళ్ళవాడిని, వేసవి సెలవులకి మిసిసిపీలో చుట్టాలింటికి పంపింది. ఒక తెల్లజాతి ఆవిడతో మర్యాద తప్పాడన్న నెపంతో రాత్రివేళ ఎత్తుకుపోయి చంపి, మెడకి పత్తి మిల్లు ఫ్యాను ముళ్ళతీగతో కట్టి టల్లహాచీ నదిలో పడేశారు. శవం దొరికాక పెట్టెకి సీలు వేసి, తెరవకూడదన్న షరతుతో రైల్లో చికాగో పంపారు. ఆవిడ ఒప్పుకోలేదు, సుత్తి ఇవ్వండి నేనే పగలగొడతాను అంది. తెరిచాక మొహం గుర్తుపట్టేలా లేదు, అందుకని పాదాల దగ్గర మొదలుపెట్టి, చీలమండలు, మోకాళ్ళు, అలా అంగుళం అంగుళం పైకి చూసుకుంటూ వచ్చింది, తను పోసిన నీళ్ళతో పెరిగిన ఒళ్ళు కదా. తర్వాత ఆ పెట్టె తెరిచే ఉంచి అంత్యక్రియలు చేసింది, నా బిడ్డని ఏం చేశారో లోకం చూడాలి అంది. వేలకి వేల మంది వరసలో నిలబడి చూశారు, జెట్ పత్రిక ఆ ఫోటోలు వేసింది. విచారణలో ఇద్దరు నిందితుల తరఫువాళ్ళు అసలు ఆ శవం ఎమ్మెట్‌దే కాదేమో అని వాదించారు, తల్లి బోనులో నిలబడి మా అబ్బాయే అని చెప్పినా సరే, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చేసింది. కొన్ని నెలలకి ఆ ఇద్దరూ లుక్ అనే పత్రికకి డబ్బు తీసుకుని మేమే చంపాం అని చెప్పుకున్నారు.

అందరూ ఆ తెరిచిన పెట్టె దగ్గరే కథ ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతది. ఆవిడ మళ్ళీ చదువుకుని టీచర్ అయ్యింది, చికాగో బడుల్లో ఇరవై ఏళ్ళకి పైగా పాఠం చెప్పింది, పిల్లలతో ఒక నాటక బృందం పెట్టి వాళ్ళచేత ఉపన్యాసాలు కంఠతా పట్టించింది. 2003లో పోయింది. తన కొడుకు పేరుతో లించింగ్‌ని, అంటే గుంపుగా చేరి చంపడాన్ని, ఫెడరల్ నేరం చేసే చట్టం 2022లో వచ్చింది, ఆవిడ చూడలేదు. 47 ఏళ్ళు బతికిందండి ఆవిడ ఆ తర్వాత. ఆ 47 ఏళ్ళలో దాదాపు సగం రోజూ పొద్దున్నే లేచి, ఊళ్ళోవాళ్ళ పిల్లలకి హోంవర్క్ దిద్దింది.

ఈ తల్లులకి మనకి అర్థంకాని ఇంకో పని కూడా పడుతుంది, చచ్చిపోయిన బిడ్డ పరువు కాపాడుకోవడం. మన ఇళ్ళల్లో పిల్లాడు యాక్సిడెంట్‌లో పోతే ఊరంతా అయ్యో అంటుంది. వీళ్ళ పిల్లాడు పోతే మొదట వచ్చే ప్రశ్న, "ఏం చేశాడు, ఏ గ్యాంగు". 1981లో అలబామాలో మొబైల్ అనే ఊళ్ళో మైకేల్ డొనాల్డ్ అనే 19 ఏళ్ళ కుర్రాడిని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ద్వేష సంస్థ వాళ్ళు చంపి చెట్టుకి వేలాడదీశారు, పోలీసులు మొదట డ్రగ్స్ గొడవ అన్నారు. వాళ్ళమ్మ బ్యూలా మే డొనాల్డ్, వాడు ఆవిడ ఆఖరి బిడ్డ, నా కొడుకు అలాంటివాడు కాదు అని పట్టిన పట్టు వదల్లేదు. చివరికి 1987లో యునైటెడ్ క్లాన్స్ అనే సంస్థ మీద 70 లక్షల డాలర్ల తీర్పు తెచ్చింది, వాళ్ళ దగ్గర అంత డబ్బు లేదు, టస్కలూసాలో ఉన్న వాళ్ళ హెడ్డాఫీసు బిల్డింగే ఈవిడ చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరమే ఆవిడ పోయింది. 2020లో జార్జియాలో జాగింగ్‌కి వెళ్ళిన అహ్మద్ ఆర్బెరీ విషయంలోనూ ఇదే, తల్లి వాండా కూపర్ జోన్స్‌కి ఫోన్ చేసి మీవాడు దొంగతనం చేస్తూ కాల్పుల్లో పోయాడు అన్నట్టు చెప్పారు, ఆవిడ నమ్మలేదు, రెండు నెలలు దాటినా అరెస్టులు లేవు, వీడియో బయటికి వచ్చాక గానీ కదల్లేదు, 2021 నవంబర్‌లో వాడిని వెంటాడి చంపిన కేసులో ముగ్గురినీ దోషులుగా తేల్చారు. ఏడవాల్సిన టైములో వీళ్ళు ప్రెస్ ముందు నిలబడి "మావాడు మంచివాడు" అని రుజువు చేసుకోవాలి. నన్నడిగితే అసలు ఆ పిల్లాడు మంచివాడు కాకపోయినా వాళ్ళమ్మకి కడుపుకోత కడుపుకోతే.

టీవీలో వచ్చేవి కొన్ని పేర్లే. మా వార్డుకి వచ్చే తల్లుల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఇంటికి కెమెరాలు రావు. పిల్లాడిని చంపింది పోలీసూ కాదు క్లానూ కాదు, పక్క వీధి కుర్రాడు. మరి ఇందులో రేసిజం ఎక్కడుంది అని మనవాళ్ళు అడుగుతారు. ఆ వీధిలో ఎవరు ఉండాలో, బ్యాంకు లోను ఎవరికి ఇవ్వకూడదో, ఏ బడి మూసేయాలో, ఏ ఆసుపత్రిలో ట్రామా సెంటర్ ఉండాలో నిర్ణయించింది ఎవరో చూడండి, అక్కడుంది. 2010లో డేమియన్ టర్నర్ అనే 18 ఏళ్ళ కుర్రాడికి నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే చికాగో సౌత్ సైడ్‌లో దారిన పోయే తూటా తగిలింది, పక్కనే యూనివర్సిటీ ఆఫ్ చికాగో ఆసుపత్రి ఉంది, కానీ పెద్దవాళ్ళ ట్రామా సెంటర్ అక్కడ లేదు కాబట్టి అంబులెన్స్ మైళ్ళ దూరం డౌన్‌టౌన్ వైపు తీసుకెళ్ళింది, బతకలేదు. వాళ్ళమ్మ షీలా రష్, వాడి స్నేహితులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కారు, 2018 మేలో అక్కడ ట్రామా సెంటర్ తెరిచారు. ఆ తలుపులోంచి ఇప్పుడు వేరే తల్లుల పిల్లలు బతికి బయటికి వస్తున్నారు. 2020 నుంచి ఈ దేశంలో ఏడాది దాటిన పిల్లలు, టీనేజర్ల చావులకి మొదటి కారణం తుపాకీలే అని గుర్తుపెట్టుకుంటే ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

తల్లికి తల్లే ఆసరా, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. బోస్టన్‌లో 1993 డిసెంబర్‌లో లూయిస్ బ్రౌన్ అనే 15 ఏళ్ళ అబ్బాయి ఎవరి గొడవలోనో మధ్యలో పడి పోయాడు, హింసకి వ్యతిరేకంగా పనిచేసే పిల్లల సంఘం క్రిస్మస్ పార్టీకి వెళ్తూ. వాళ్ళమ్మ టీనా షెరీ మరుసటి ఏడే వాడి పేరున పీస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది, మొదటి రోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఖననం ఎలా, డబ్బెక్కడ దొరుకుతుంది అని అడుగడుగునా చెప్పే గైడు తయారుచేసింది, 1996 నుంచి ప్రతి మదర్స్ డేకి అక్కడ తల్లులు నడుస్తారు. 2012లో కాల్చి చంపేసిన 17 ఏళ్ళ కుర్రాడు ట్రేవాన్ మార్టిన్ తల్లి సిబ్రీనా ఫుల్టన్ ఫ్లోరిడాలో ఏటా ఇలాంటి తల్లులందరినీ ఒకచోట చేర్చే కార్యక్రమం పెట్టింది, అక్కడ వాళ్ళు ఏడుస్తారు, డాన్సు కూడా చేస్తారు, ఎవరూ వింతగా చూడరు. ఇక్కడ ఒక చర్చి బేస్‌మెంట్‌లో నేను వెళ్ళే చిన్న గ్రూపు ఉంది, అందులో పరిచయం చేసుకునేటప్పుడు ముందు బిడ్డ పేరు, బిడ్డ పుట్టినరోజు చెప్పాలి, ఆ తర్వాతే తన పేరు. పోయిన రోజు ఎవరూ చెప్పరు. మొదటిసారి వచ్చినావిడ పొరపాటున ఆ తేదీయే చెప్పింది, పక్కనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని "అది కాదు తల్లీ, వాడు పుట్టింది ఎప్పుడు" అంది.

చర్చి గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. అంత్యక్రియల్ని వాళ్ళు హోమ్‌గోయింగ్ అంటారు, ఇంటికి వెళ్ళడం అని. పాటలు, చప్పట్లు, కేకలు, తెల్ల యూనిఫారాల్లో చర్చి నర్సులు చేతిలో విసనకర్రలు, టిష్యూ పెట్టెలతో వరసల మధ్య తిరుగుతుంటారు, తల్లి కూలిపోతే పట్టుకోవడానికి. ఆ తర్వాత భోజనాలు, దాన్ని రిపాస్ట్ అంటారు, మన పెద్దకర్మ భోజనాల్లాగే ఊరంతా వచ్చి తినాలి. ఆ వారం పది రోజులు తల్లిని ఒంటరిగా వదలరు. కానీ చర్చిలోంచి ఒక బరువు కూడా వస్తుంది, క్షమించాలి అని. 2015లో చార్ల్‌స్టన్ అనే ఊళ్ళో నల్లజాతివాళ్ళ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడిని కొందరు కుటుంబ సభ్యులు రెండు రోజులకే కోర్టులో క్షమిస్తున్నామన్నారు, ప్రపంచమంతా మెచ్చుకుంది. అది వాళ్ళ విశ్వాసం, నేను తలవంచి గౌరవిస్తాను. కానీ క్షమించలేకపోయిన తల్లిని కూడా అంతే గౌరవించాలి, ఆవిడ భక్తిలో లోపమేమీ లేదు. మీ కొలీగ్‌ని ఎవరైనా "క్షమించేస్తే మనసు తేలికవుతుంది" అంటే మీరు మాట మార్చేయండి.

అందరూ తట్టుకుంటారని కూడా అనుకోకండి. న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్ అనే అబ్బాయిని 16 ఏళ్ళప్పుడు బ్యాగు దొంగతనం నేరం మోపి రైకర్స్ జైల్లో మూడేళ్ళు, అందులో చాలాభాగం ఒంటరి గదిలో, విచారణ కూడా లేకుండా ఉంచి చివరికి కేసు కొట్టేశారు. 2015లో వాడు ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు, చూసింది తల్లి వెనీడా. ఏడాదిన్నర తిరక్కుండా 2016 అక్టోబర్‌లో గుండెజబ్బుతో ఆవిడా పోయింది. మా దగ్గర ఫాలోఅప్‌కి వచ్చే తల్లుల్లో బీపీ, షుగరు అమాంతం పెరిగిపోతాయి, నిద్ర ఉండదు, బాణాసంచా పేలితే మంచం కిందకి దూరేవాళ్ళున్నారు. జూలై 4 వాళ్ళకి నరకం. కౌన్సెలింగ్‌కి వెళ్ళమంటే చాలామంది వెళ్ళరు, ఖర్చు ఒకటి, తమ వీధి గురించి మొదటినుంచీ వివరించి చెప్పాల్సి రావడం ఇంకోటి. అందుకే ఆవిడ బీపీ చూపించుకుందా లేదా అని అడగడం చాదస్తం కాదు. మిగిలిన పిల్లలు ఉంటే వాళ్ళ మీద అతి జాగ్రత్త మొదలవుతుంది, కొట్టుకెళ్ళినా వీడియో కాల్‌లో ఉండమంటుంది, దాన్ని తప్పుపట్టకండి.

కోర్టు గురించి కూడా కొంచెం. అసలు అరెస్టే జరగని కేసులు బోలెడు, జరిగితే వాయిదాలు, ఏళ్ళు. ఒకావిడ ప్రతి వాయిదాకీ ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చేది, నా కొడుకు ఒక ఇంట్లోంచి వచ్చాడని జడ్జికి తెలియాలి అనేది. ఫోటో వేసిన టీషర్టులు లోపలికి రానివ్వలేదు, జ్యూరీ మీద ప్రభావం పడుతుందని. అప్పుడు ఆవిడ కోటు లోపలి లైనింగ్‌కి, ఎడమవైపు, వాడి ఫోటో కుట్టుకుంది. ఒకసారి కారిడార్‌లో కోటు తెరిచి నాకు చూపించింది, ఎర్రదారంతో చిన్నచిన్న కుట్లు, నాలుగు మూలలా.

మనవాళ్ళ సంగతి కూడా అనకుండా ఉండలేను. మన పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వీళ్ళ గురించి వాడే మాటలు నాకూ తెలుసు, మీకూ తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని "నా దేశంలోంచి పో" అని అరిచి కాల్చినప్పుడు హైదరాబాద్‌లో ఆ తల్లి ఏడుపు టీవీలో చూసి మనందరం వణికిపోయాం. ఆ వణుకు నల్లజాతి తల్లులకి పిల్లాడు కాస్త పొడుగు అవగానే మొదలవుతుంది, పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, జేబులో చెయ్యి పెట్టకు అని పన్నెండేళ్ళకే నేర్పించుకుంటారు.

ఇక మీరేం చేయాలి. అబ్బాయి పేరు కనుక్కోండి, పేరుతోనే మాట్లాడండి, "మీ లాస్" అనకండి. ఎలా జరిగింది, ఎవరు చేశారు అని మీరుగా అడగొద్దు, చెప్తే వినండి. భోజనం పంపితే వాడి పారేసే ట్రేల్లో పంపండి, గిన్నెలు తిరిగివ్వాలన్న బెంగ పెట్టకండి, కారం తగ్గించండి. హత్య కేసుల్లో అంత్యక్రియల ఖర్చుకి రాష్ట్రం నష్టపరిహార నిధి ఉంటుంది, ఫారాలు చాలా ఉంటాయి, ఒక శనివారం కూర్చుని నింపిపెడతాను అనండి, అది నిజమైన సాయం. వాడి పుట్టినరోజు, మదర్స్ డే, పోయిన తేదీ మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. అందరూ మొదటి నెల వస్తారు, మూడో నెలనుంచి ఫోన్ మోగదు, మీరు మూడో నెలలో చేయండి. ఎక్కడైనా కాల్పుల వీడియో వస్తే ఆఫీసు గ్రూపులో పెట్టకండి, పెట్టినవాళ్ళకి విడిగా చెప్పి తీయించండి. ఆవిడ ఒకరోజు నవ్వితే ఆశ్చర్యంగా చూడకండి.

ఆ ఫోటో సంగతి అడిగారు కదా. రేపు కాకపోతే ఎల్లుండి, మీ ఇద్దరికీ మీటింగులు లేని టైము చూసుకుని, ఆ డెస్క్ దగ్గర ఆగండి. "ఈ ఫోటో తీసిన రోజు ఏం వండారు" అని అడగండి. ఒక గంట ఖాళీ పెట్టుకుని మాత్రమే అడగండి.